నది, వాలు, వాన పొరలు చూసి 2050 జనాభా మ్యాప్ గీయొచ్చా?

(ఒక చర్చా వేదికలోని ప్రశ్న, జవాబులు. పైన ఉన్న పేర్లు సభ్యుల మారుపేర్లు.)

అక్షాంశం:

డిగ్రీ భూగోళశాస్త్రం విద్యార్థుల కోసం ఒక మ్యాపుల సెట్ తయారవుతోంది. వరల్డ్‌పాప్ అనే ప్రపంచ జనాభా డేటా సంస్థ నుంచి 100 మీటర్ల గడుల జనసాంద్రత పొర దించుకుని, దాని మీద వాలు, ఎత్తు, నదికి దూరం, ఏడాది వర్షపాతం పొరలు వేసి రిగ్రెషన్ (వాటి నుంచి జనసాంద్రతను లెక్కగట్టే సమీకరణం) చేశాం. సంబంధం గట్టిగా వచ్చింది. ఆర్-స్క్వేర్ (సమీకరణం ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.8 దాటింది. ఇదే సమీకరణంతో 2050 నాటికి జనం ఎక్కడెక్కడ పెరుగుతారో ఇంకో మ్యాప్ గీయాలని ఆలోచన. పద్ధతి సరైనదేనా?

ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. సంతానోత్పత్తి రేటు (ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య) 2.1 కంటే కిందికి దిగిన దేశాల్లోనూ జనాభా పెరుగుతూనే ఉన్నట్టు పట్టికల్లో కనిపిస్తోంది. ఇదెలా? అలాగే ఈజిప్టు సాంద్రత చ.కి.మీ.కి 110 చిల్లర అని వస్తోంది. కైరో ఉపగ్రహ చిత్రం చూస్తే ఆ అంకెకీ దానికీ పొంతనే లేదు. దేశాలను పోల్చడానికి ఏ సాంద్రత వాడాలి?

గడిగీత:

ఆ 0.8 చూసి సంబరపడకండి. మీరు అడిగిన ప్రశ్నలోనే జవాబు దాగి ఉంది, అదే తిరిగొచ్చింది.

వరల్డ్‌పాప్ గడుల్లో ఉన్నది తలలు లెక్కపెట్టిన జనం కాదు. జనగణన అంకె ఏదో ఒక పాలనా విభాగం మొత్తానికి ఉంటుంది. ఆ మొత్తాన్ని గడుల మధ్య పంచడానికి మోడల్‌కు ఇచ్చే పొరలే వాలు, ఎత్తు, రోడ్లు, నీటికి దూరం, రాత్రి వెలుతురు వగైరా. నిటారు వాలున్న గడికి జనాన్ని తక్కువ కేటాయించింది ఆ మోడలే. మళ్లీ దాన్నే తెచ్చి వాలుకూ జనానికీ సంబంధం ఉందా అని అడిగితే ఉందనక ఏమంటుంది?

ఇలాంటి పరీక్షకు జీపీడబ్ల్యూ (గ్రిడ్డెడ్ పాపులేషన్ ఆఫ్ ది వరల్డ్) అనే ప్రపంచ జనాభా పొర నయం. అందులో విభాగం జనాభాను, నీటి ప్రాంతాలూ శాశ్వత మంచూ తీసేసి, మిగతా విస్తీర్ణమంతా సమానంగా పరుస్తారు. గడి 30 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 120వ వంతు), అంటే భూమధ్యరేఖ దగ్గర 1 కి.మీ.కి కాస్త తక్కువ. పెద్ద పెద్ద విభాగాలున్న దేశాల్లో చూడటానికి మరీ ముతకగా ఉంటుంది, కానీ వాలు గురించి ముందే ఏ ఊహా చేయదు. అంతకంటే శుభ్రమైన దారి గ్రిడ్డునే పక్కన పెట్టడం: పాలనా విభాగాన్నే యూనిట్‌గా తీసుకుని, దానికి సగటు వాలు, సగటు వర్షపాతం కట్టి రిగ్రెషన్ చేయండి. ఆర్-స్క్వేర్ బాగా పడిపోతుంది. పడిపోనివ్వండి.

ల్యాండ్‌స్కాన్ అనే మరో జనాభా గ్రిడ్ జోలికి మాత్రం పోవద్దు. దాని ప్రపంచ పొర 24 గంటల సగటు జనాన్ని చూపిస్తుంది. ఆఫీసులున్న ప్రాంతాలు, విమానాశ్రయాలు, రహదారులు కూడా జనంతో నిండి కనిపిస్తాయి. నివాసం ఎక్కడ అనే ప్రశ్నకు అది తప్పు జవాబు. ఇంకొకటి: గడులు డిగ్రీల్లో ఉంటే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర గడి వెడల్పు భూమధ్యరేఖ దగ్గరి వెడల్పులో సగమే. సమాన విస్తీర్ణ ప్రొజెక్షన్‌లోకి మార్చకుండా గడులు లెక్కపెడితే ఉత్తర దేశాల ఖాళీ నేల రెట్టింపు కనిపిస్తుంది.

ఈజిప్టు అంకె తప్పేమీ కాదు, మీకు పనికిరానిదంతే. దేశ విస్తీర్ణం దాదాపు 10 లక్షల చ.కి.మీ., జనం 11 కోట్ల పైన. వాళ్లలో 95 శాతం దాకా నైలు లోయలో, డెల్టాలో, అంటే 5 శాతం నేల మీదే ఉన్నారు. 10.45 కోట్లను 50 వేల చ.కి.మీ.తో భాగించండి, 2,090 వస్తుంది. తిండి మీద ఒత్తిడి చూపించాలంటే సాగుభూమితో భాగించే సాంద్రత వాడండి. మనిషి అనుభవించే ఇరుకు చూపించాలంటే జనభారిత సాంద్రత (ఒక్కో చోటి సాంద్రతకు అక్కడి జనం వాటా మేరకు బరువిచ్చి కట్టే సగటు) వాడండి. ఉదాహరణకు 100 చ.కి.మీ. ప్రాంతంలో 10 చ.కి.మీ. పట్నంలో 99 వేల మంది, మిగతా 90లో వెయ్యి మంది ఉన్నారనుకుందాం. మామూలు సాంద్రత 1,000. జనభారిత సాంద్రత: 0.99 × 9,900 + 0.01 × 11 = దాదాపు 9,800. అయితే ఇది గడి సైజును బట్టి మారిపోతుంది. రెండు దేశాలకు రెండు సైజుల గడులు వాడి పోలిస్తే ఆ పోలిక చెల్లదు.

వయోపిరమిడ్:

సంతానోత్పత్తి సందేహానికి. పట్టిక సరైనదే. 2.1 అంటే తల్లుల తరాన్ని కూతుళ్ల తరం సరిగ్గా భర్తీ చేసే స్థాయి. అంతమాత్రాన జనాభా ఆగిపోదు. ఈ ఏడాది పుట్టే పిల్లలు ఇవాళ్టి పెద్ద యువతరానికి పుడతారు, ఈ ఏడాది పోయేవాళ్లలో ఎక్కువమంది ఎప్పుడో 70, 80 ఏళ్ల కిందట పుట్టిన చిన్న తరం వాళ్లు.

కాగితం మీద ఇలా చూపించండి. ఒక దేశంలో 30 ఏళ్లలోపు వాళ్లు 60 లక్షలు, 30 నుంచి 59 వరకు 36 లక్షలు, 60 పైన 14 లక్షలు. మొత్తం 110 లక్షలు. 60 దాటేదాకా ఎవరూ చనిపోరని, ఆ తర్వాత ఒక తరం కాలంలో అందరూ పోతారని సులువు కోసం అనుకుందాం. ఇవాళ్టి నుంచే ప్రతి తరం తనంత తరాన్నే కంటుంది.

30 ఏళ్లకు: 60 + 60 + 36 = 156 లక్షలు.
60 ఏళ్లకు: 60 + 60 + 60 = 180 లక్షలు. ఇక్కడ ఆగుతుంది.

ఒక్కరు కూడా భర్తీ స్థాయికి మించి కనలేదు, అయినా 64 శాతం పెరిగింది. ఇప్పుడు రేటు 1.6కి, అంటే భర్తీ స్థాయిలో ముప్పావు వంతుకి దించండి. 30 ఏళ్లకు 45 + 60 + 36 = 141, 60 ఏళ్లకు 34 + 45 + 60 = 139, 90 ఏళ్లకు 25 + 34 + 45 = 104. అంత తక్కువ రేటుతోనూ ముందు పెరిగి, చాలాకాలం కదలకుండా ఉండి, ఆ తర్వాత జారింది. భారత్‌లో రేటు 2019–21 సర్వే నాటికే 2.0కి దిగింది. అయినా జనాభా పెరుగుతూనే ఉంది, ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో చైనాను దాటింది. చైనాలో రేటు 1990ల నుంచే భర్తీ స్థాయి కింద ఉన్నా మొత్తం తగ్గడం మొదలైంది 2022లోనే.

2.1 కూడా దేవుడు రాసిన అంకె కాదు. సగటున 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుడతారు కాబట్టి ఒక కూతురు పుట్టాలంటే 2.05 కాన్పులు కావాలి. ఆ కూతురు తల్లయ్యే వయసు దాకా బతికే అవకాశం 0.97 అయితే 2.05 / 0.97 = 2.11. అది 0.80 మాత్రమే ఉన్న చోట 2.56 కావాలి. లింగ నిష్పత్తి 112 ఉన్న చోట, 0.97 బతుకు అవకాశంతోనే, 2.19. అందుకే దేశాలన్నిటికీ 2.1 దగ్గర ఒకే గీత గీయడం సరికాదు.

వృద్ధి రేటు లెక్కలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పదేళ్లలో 40 లక్షలు 50 లక్షలైతే 25ని 10తో భాగించి 2.5 శాతం అని రాసేస్తారు. చక్రవడ్డీ లెక్క కట్టాలి: 1.25 సహజ సంవర్గమానం 0.2231, దాన్ని 10తో భాగిస్తే ఏడాదికి 2.23 శాతం. రెట్టింపు కాలం 70 / 2.23 = 31 ఏళ్లు. ఇది రేటు మారకుండా ఉంటేనే. ప్రపంచ రేటు 1960ల్లో 2 శాతం దాటి, ఇప్పుడు 0.9 దగ్గరికి వచ్చింది. కానీ అప్పుడు 320 కోట్ల మీద 2.3 శాతమైనా, ఇప్పుడు 810 కోట్ల మీద 0.9 శాతమైనా ఏడాదికి చేరేది 7 కోట్ల పైచిలుకే. రేటు గ్రాఫ్ ఒక్కటే చూపిస్తే విద్యార్థులు జనాభా తగ్గుతోందనుకుంటారు. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టండి.

ముడి మరణాల రేటుతో (ఏడాదిలో వెయ్యి జనాభాకు ఎంతమంది చనిపోయారనే లెక్కతో) దేశాల ఆరోగ్యాన్ని పోల్చవద్దు. జపాన్‌లో అది బంగ్లాదేశ్ కంటే రెట్టింపు పైన ఉంటుంది. కారణం ముసలివాళ్లు ఎక్కువ ఉండటం, వైద్యం నాసిరకమై కాదు.

ఒండ్రునేల:

"నదికి దూరం" అనే ఒక్క చలరాశితో నీటి సంగతి తేలదు. వరద మైదానంలో ఊళ్లు ఒడ్డునే వరుసగా ఉండటానికి కారణం నీళ్లు దగ్గరని మాత్రమే కాదు. నది పొంగి ఒడ్డు దాటగానే వేగం తగ్గుతుంది, మోసుకొచ్చిన ఇసుక, ముతక ఒండ్రు అక్కడే పడిపోతాయి. ఏళ్ల తరబడి అలా పేరుకున్న సహజ గట్టు వెనకనున్న నేల కంటే ఎత్తుగా ఉంటుంది, నీరు త్వరగా ఇంకుతుంది. దాని వెనక సన్నటి బంకమట్టి చేరిన పల్లంలో నీరు నెలల పాటు నిలుస్తుంది. అందుకే ఒడ్డు నుంచి 200 మీటర్లలో ఊరు కిటకిటలాడుతుంది, కిలోమీటరు దూరంలో ఒక్క ఇల్లూ ఉండదు. ఆ పైన మళ్లీ ఎత్తు నేల మీద జనం. సరళరేఖతో దీన్ని పట్టలేరు. పైగా ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తు పొరల్లో పొరపాటే కొన్ని మీటర్లుంటుంది, మీ పొరలో గట్టు కనపడనే కనపడదు.

ఇక నదీ లోయ ఖాళీగా ఉన్న చోటు. పశ్చిమాఫ్రికాలో వోల్టా నది పరీవాహకంలో మంచి నేలలున్న లోయలను వదిలి జనం పైనున్న సారం తక్కువ మెట్ట నేలలకు పోయారు. వేగంగా పారే నీటిలో పెరిగే నల్ల ఈగ కుడితే శరీరంలో చేరే పురుగు చివరికి చూపు పోగొడుతుంది. 1974 నుంచి 2002 దాకా నడిచిన నియంత్రణ కార్యక్రమంలో నదుల మీద లార్వాలను చంపే మందు చల్లారు. దానివల్ల 2.5 కోట్ల హెక్టార్ల నేల మళ్లీ నివాసానికి, సాగుకి అందుబాటులోకి వచ్చింది. రోగం పొర లేకుండా ఆ ప్రాంతం మీద మీ సమీకరణం నడిపితే, నది దగ్గరైతే జనం తక్కువ అని వస్తుంది. దాన్ని లోపం అనుకుని డేటా నుంచి తీసేస్తారేమోనని భయం.

వాన ఎక్కువైతే జనం ఎక్కువ అనేది కూడా ఒక హద్దు దాకానే. వాన మీదే ఆధారపడి తిండిగింజలు పండించడానికి ఏడాదికి 250–300 మి.మీ. దాదాపు కింది గీత. దాని కింద సాగునీరో పశుపోషణో ఉండాలి. పై హద్దు దగ్గర కథ తిరగబడుతుంది. అమెజాన్, కాంగో పరీవాహకాల్లో నేల చాలామటుకు వేల ఏళ్ల వానకి పోషకాలు కొట్టుకుపోయినది. అదే తడి వాతావరణంలో ఇండోనేషియాలోని జావా దీవి చూడండి. దాదాపు 1.3 లక్షల చ.కి.మీ.లో 15 కోట్ల మంది, చ.కి.మీ.కి వెయ్యి పైన. పక్కనే, అదే వానలున్న కాలిమంతాన్ (బోర్నియో దీవిలోని ఇండోనేషియా భాగం) పలచన. జావాలో అగ్నిపర్వతాలు వెదజల్లే బూడిద నేలకి మళ్లీ మళ్లీ ఖనిజాలు అందిస్తుంది, కాలిమంతాన్‌లో ఆ సౌకర్యం లేదు. వర్షపాతం పొర ఈ రెంటినీ ఒకటే అంటుంది. మట్టి పొర తప్పనిసరిగా చేర్చండి.

ఎత్తును అక్షాంశంతో గుణించిన చలరాశిగా పెట్టండి, విడిగా పెడితే అర్థం ఉండదు. సమశీతోష్ణ మండలంలో 2,000 మీటర్లంటే చలి, చిన్న పంటకాలం, కొద్దిపాటి జనం. ఉష్ణమండలంలో అదే ఎత్తు చల్లగా, మలేరియా తక్కువగా ఉండే నేల. మెక్సికో సిటీ 2,240 మీటర్లు, అడిస్ అబాబా 2,350, బొగొటా 2,640, కీటో 2,850. ఎత్తు పెరిగితే జనం తగ్గుతారనే గుణకాన్ని ఈ నాలుగు ఊళ్లే కొట్టిపారేస్తాయి.

రేవుదారి:

ఒండ్రునేల గారు చెప్పినవి మొదటి ఇల్లు ఎక్కడ పడిందో చెబుతాయి. కోటీ ఒకటో ఇల్లు ఎందుకు అక్కడే పడిందో చెప్పవు. ఆ తేడా వదిలేస్తే 2050 మ్యాప్ తప్పుతుంది.

అమెరికా తూర్పు తీరంలో గట్టి రాతి పీఠభూమి మెత్తని తీర మైదానాన్ని కలిసే గీత మీద నదులన్నీ జలపాతాలుగా దూకుతాయి. పడవ అంతకంటే పైకి పోలేదు. సరుకు దించాలి, మరో బండికెక్కించాలి, అదే నీటి దూకుడుతో మిల్లు తిప్పుకోవచ్చు. రిచ్‌మండ్ లాంటి ఊళ్లు అలా పుట్టాయి. ఆ పడవలూ లేవు, ఆ మిల్లులూ లేవు, ఊళ్లు మాత్రం ఉన్నాయి. అప్పటికే రోడ్లు, రైళ్లు, బ్యాంకులు, కాలేజీలు అక్కడ చేరాయి కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లు వాటి కోసం వస్తారు. హిరోషిమా 1945లో నేలమట్టమై, 1960 కల్లా యుద్ధానికి ముందటి జనాభాను దాటింది. చుట్టూ ఉన్న దారులు, భూమి హక్కులు, మనుషుల సంబంధాలు బతికుంటే ఊరు మళ్లీ అక్కడే లేస్తుంది.

అన్ని ఊళ్లకీ ఈ బలం ఉండదు. ఒకే సరుకు మీద నిలిచిన ఊరు ఆ సరుకుతోనే పోతుంది. చిలీ ఎడారిలో సహజ నైట్రేట్ తవ్వకం మీద బతికిన హంబర్‌స్టోన్ 1960 కల్లా ఖాళీ అయింది. గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా చేసే హాబర్-బాష్ పద్ధతి 1913లో జర్మనీలో ఫ్యాక్టరీ స్థాయికి రావడమే దానికి మూలం. తమాషా ఏమిటంటే ప్రపంచ జనాభా 1927లో 200 కోట్ల నుంచి 2022లో 800 కోట్లకు పెరగడానికి తిండి అందించిన కారణాల్లో అదే పద్ధతి ముఖ్యమైనది. ఒకే రసాయన చర్య అటు జనాభాను పెంచింది, ఇటు ఒక ఊరిని ఊడ్చేసింది. రష్యాలో ఆర్కిటిక్ వలయం పైన నికెల్ కోసం వెలసిన నొరిల్స్క్‌లో ఇవాళ లక్షన్నర పైగా జనం ఉన్నారు. దాని భవిష్యత్తు చూడాలంటే ఉష్ణోగ్రత పొర కాదు, గని ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

ప్రభుత్వం జనాన్ని తోలినంత మాత్రాన కూడా స్థిరపడరు. కాలిమంతాన్‌లో 1996లో 10 లక్షల హెక్టార్ల పీట్ (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నేల) చిత్తడిని వరి పొలాలుగా మార్చే పథకం పెట్టి, కాలువలు తవ్వి, జనాన్ని తెచ్చారు. నీరు తీసేసిన పీట్ గాలి తగిలి కుళ్లి కుంగింది, ఆమ్లత పెరిగింది, 1997లో అంటుకుంది. వరి రాలేదు. బ్రెజిల్‌లో కొత్తగా కట్టిన రాజధాని బ్రసీలియా మాత్రం నిలబడింది. 1960లో రాజధానితో పాటు జీతాలొచ్చే ఉద్యోగాలు కూడా అక్కడికి కదిలాయి.

అక్షాంశం:

అందరికీ ధన్యవాదాలండీ. రిగ్రెషన్ మ్యాప్‌ను "మొదట ఎక్కడ స్థిరపడ్డారు" అనే పాఠానికి మట్టి, రోగం పొరలతో మళ్లీ చేస్తాం. మరి 2050 మ్యాప్‌కి ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక దేశానికి రెండు జనగణనల వయసు పట్టికలు, ప్రాంతాల వారీగా, మా దగ్గర ఉన్నాయి.

వయోపిరమిడ్:

రెండు జనగణనలుంటే సగం పని అయినట్టే. ప్రతి ప్రాంతానికీ అయిదేళ్ల వయసు వర్గాలు, ఆడ, మగ విడివిడిగా తీసుకోండి. ఒక్కో వర్గాన్ని అయిదేళ్లు ముందుకు జరిపి బతుకు నిష్పత్తితో (ఆ కాలం చివరికి బతికి ఉండేవాళ్ల వాటాతో) గుణించాలి, 15 నుంచి 49 మధ్య స్త్రీలకు వయసు వారీ సంతాన రేట్లు వేసి పుట్టేవాళ్లను చేర్చాలి, నికర వలస కలపాలి. 2050 దాకా అదే చక్రం తిప్పండి.

చిక్కంతా వలస దగ్గరే. నమోదు లెక్కలు లేకపోతే శేష పద్ధతి ఉంది. మొదటి జనగణనలో 15–19 వయసు వాళ్లు 20,000. పదేళ్ల బతుకు నిష్పత్తి 0.98 అయితే రెండో జనగణనలో 25–29 వర్గంలో 19,600 ఉండాలి. లెక్కలో 26,000 కనిపిస్తే తేడా 6,400 నికర వలస. అయితే లెక్కల్లోని ప్రతి పొరపాటూ ఈ శేషంలోకే వచ్చి పడుతుంది. ముఖ్యంగా రెండు. ప్రాంతం సరిహద్దు మధ్యలో మారితే పక్క ఊళ్లు కలిసిన జనమంతా వలసగా కనిపిస్తుంది, ముందు రెండు జనగణనలనూ ఒకే సరిహద్దులోకి తేవాలి. రెండోది, వయసు సరిగ్గా తెలియనివాళ్లు 0, 5తో ముగిసే అంకెలు చెబుతారు. విపుల్ సూచిక కట్టి చూడండి: 23 నుంచి 62 ఏళ్ల మధ్య 0, 5తో ముగిసే వయసుల జనాన్ని కూడి, 5తో గుణించి, అదే 23–62 మొత్తం జనంతో భాగించి, 100తో గుణించాలి. 105 లోపైతే బాగుంది. 175 దాటితే వయసు పట్టికను సరిచేయకుండా ఈ పద్ధతి వాడొద్దు.

పోయిన పదేళ్ల వలస రేటును 2050 దాకా అలాగే సాగదీయకండి. యువత వెళ్లిపోయిన ప్రాంతంలో వెళ్లడానికి మిగిలినవాళ్లే తగ్గిపోతారు. రేటును క్రమంగా సగానికి దించే ఒక అంచనా, కదపకుండా ఉంచే ఇంకో అంచనా, రెండూ ఇవ్వండి. చివర్లో ప్రాంతాల మొత్తం దేశ అంచనాతో కుదరాలి. కుదరకపోతే అన్నిటినీ ఒకే నిష్పత్తిలో సర్దండి.

గడిగీత:

ఒక్క మాట చేరుస్తాను. పట్టణాల పెరుగుదల మూడు దారుల్లో వస్తుంది: అక్కడే పుట్టినవాళ్లు పోయినవాళ్ల కంటే ఎక్కువ కావడం, వలస, నిన్నటి పల్లెను ఇవాళ పట్టణంగా వర్గీకరించడం. మూడోదాన్ని విడదీయకపోతే ఒక్క మనిషి కదలకుండానే వలస వెల్లువ కనిపిస్తుంది. దేశాలను పోల్చేటప్పుడు ఇంకా కష్టం. డెన్మార్క్‌లో 200 మంది ఒకచోట ఉంటే పట్టణం కిందే లెక్క, జపాన్‌లో నగర హోదాకు మామూలుగా 50,000 కావాలి. అందుకని దేశాల సొంత నిర్వచనాలు వదిలేసి, 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన కొలమానం వాడండి: 1 కి.మీ. గడుల్లో చ.కి.మీ.కి కనీసం 1,500 మంది ఉండి, ఆనుకుని ఉన్న అలాంటి గడుల గుంపులో 50,000 దాటితే నగరం; 300 మంది ఉండి గుంపులో 5,000 దాటితే చిన్న పట్టణం లేదా పాక్షిక సాంద్రత ప్రాంతం; మిగతాది గ్రామీణం. నగరపు గుంపు కట్టేటప్పుడు మూలల దగ్గర మాత్రమే తాకే గడులను కలపకూడదు. సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిది పక్కల ఎంపిక ముందే పెట్టి ఉంటే నాలుగు పక్కలకు మార్చుకోండి.